గడ్డిమీద పెట్టిన పొయ్యి

జపాన్లో ఏటేటి చూసినావే అని రంగూన్లో మా పేట సంచౌంగ్‌లో అడగనోళ్లు లేరు. పెద్ద మేడలూ, మంచుకొండా చెప్తాననుకుంటారు. నేనేమో సముద్రం ఒడ్డున నేను పెట్టిన పొయ్యి గురించి మొదలెడతాను.

మా అక్క అక్కడ ముసలాళ్ల హోములో పనిచేస్తాది. వాళ్లకి నీళ్లు పొయ్యడం, అన్నం తినిపించడం. మా ఇంటి మొహం చూసి మూడేళ్లయింది. పది రోజులుండొద్దామని నేనే వెళ్లాను. సరిగ్గా ఆ నెల్లోనే దాన్ని ఇంకా ఉంచుకుంటారో, పంపించేస్తారో హోమువాళ్లు చెప్పాలి. ఆ దిగులుతో మనిషి సగమైపోయింది. అయినా రెండ్రోజులు సెలవు దొరికితే, "గదిలో ఏటి కూచుంటాం, సముద్రం కాడ డేరాలో పడుకుందాం రా" అని తీసుకెళ్లింది.

మాకు రంగూన్లో ఉన్నది నది. తన్లిన్ వంతెన మీంచి చూస్తే నీళ్లు పాలు తక్కువైన టీలాగ ఉంటాయి. ఇక్కడ నీలంగా, అడుగు రాళ్లు కనపడతా ఉన్నాయి. ఒడ్డున పైన్ చెట్లు, వాటి కింద డేరాలు వేసుకోడానికి దువ్వినట్టు పెంచిన గడ్డి. అంత శుభ్రం చూసి నేను చెప్పులు విప్పీసి నడిచాను.

అక్క నీళ్లకెళ్లింది. కానాగంతల్లాంటి చేపలు కొన్నాం, అమ్మ కట్టిచ్చిన చింతపండుంది. అక్క తెచ్చిన బుల్లి గ్యాస్ పొయ్యిమీద పులుసేటి బాగుంటాది? మా ఇంట్లో కరెంటు పోయినప్పుడల్లా అమ్మ మేడ వెనకాల చేసేదే చేశాను. ఒడ్డునుంచి మూడు రాళ్లు తెచ్చి, గడ్డిమీద పెట్టి, పుల్లలు ముట్టించాను. బాగా రాజుకుంది కూడాను.

ఒక ముసలాయన పరిగెట్టుకొచ్చాడు. ఆ జాగా చూసుకునే ఆయన. రెండు చేతులూ అడ్డంగా కత్తెరలాగ పెట్టి చూపించాడు. అరవలేదు. దానికే ఎక్కువ భయమేసింది. మా ఊళ్లో పెద్దోళ్లని పిలిచినట్టే "ఊలే, ఊలే" అని దండం పెట్టీసాను. ఆయన నీళ్లు పోసి ఆర్పితే కింద పళ్లెమంత మేర గడ్డి నల్లగా కాలిపోయుంది.

నీళ్లు పట్టుకొస్తున్న అక్క డబ్బా అక్కడే వదిలీసింది.

"ఓలమ్మో! ఏటి చేసినావే!"

"పులుసు."

"పులుసంట! అక్కడ బోర్డుమీద బొమ్మేసుంది, కనపడలేదా?"

"మంట బొమ్ముంది. ఇక్కడ వొండుకోండని కాబోలనుకున్నాను."

"దానిమీద గీత కొట్టుంది కదే, గుడ్డిదానా!"

అక్క మూడుసార్లు వొంగి దండం పెట్టింది. ఆయన గుడిసెలోకెళ్లి ఒక కాగితం, కలం పట్టుకొచ్చాడు. అక్క మొహంలో నెత్తుర్లేదు. "అయిపోయింది. పేరు రాయించుకుంటాడు. హోముకి చెప్తారు."

మా ఊళ్లో చుట్టాలొచ్చి ఒక్క రాత్రి పడుకున్నా వార్డు ఆఫీసులో కాగితం రాసివ్వాలి. కాగితమంటే మాకు మంచికొచ్చేది కాదు. అందుకే కలం లాక్కున్నాను. నా పేరు, మా వీధి, మా ఇంటి అంతస్తు, అన్నీ బర్మా అక్షరాల్లో రాసీసాను. "నేను, నేను" అని గుండె తట్టుకున్నాను. తప్పు నాది, అక్కది కాదని.

ఆయన కాగితం ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు. మళ్లీ గుడిసెలోకెళ్లి, కాళ్లున్న ఇనప కుంపటి మోసుకొచ్చి మా ముందు పెట్టాడు. కాగితం పైన వేలుపెట్టి అక్కకి చూపించాడు. అక్క చదివి గడ్డిలో కూలబడిపోయింది.

"ఏటే? పోలీసా?"

"కుంపటి అరువిచ్చినట్టు. రేప్పొద్దున తిరిగివ్వాలంట."

"ముందే చదవలేకపోయావా?"

"కళ్లలో నీళ్లుంటే ఏటి కనపడతాదే!"

ఆయనకి ఏటి అర్థమైందో గాని, తనే మోకాళ్లమీద కూచుని పుల్లలు పేర్చిపెట్టాడు. కాలిన చోట అరచెయ్యి ఆనించి, చల్లారిందో లేదో చూశాడు. నేనూ పెట్టి చూశాను. "వానొస్తే గడ్డి వొచ్చేస్తాదంటున్నాడు" అంది అక్క. నన్ను తిట్టడానికి అన్ని కారణాలూ ఉన్న మనిషి, నా వొంట చెడిపోకూడదని పొయ్యి మోసుకొచ్చాడు. పులుసు అక్క రెండుసార్లు అడిగి పోయించుకుంది.

పొద్దున్న కుంపటి ఇసకతో తోమి ఇచ్చాం. ఆయన వొంగాడు, మేం వొంగాం, ఆయన మళ్లీ వొంగాడు. ఎవరు ముందు ఆపాలో తెలీక, కొంచెంలో బస్సు తప్పిపోయేదే.

బస్సులో అక్క సంచిలోంచి అంటించినది అంటించినట్టే ఉన్న కవరొకటి తీసింది.

"ఏటది?"

"హోముది. వొచ్చి నాలుగు రోజులైంది. విప్పడానికి ధైర్యం చాల్లేదు." కాసేపు ఒళ్లో పెట్టుకుంది. "నిన్నటి కాగితానికి కూడా ఇలాగే భయపడ్డాం కదే" అని చింపింది.

వేలుపెట్టి మెల్లగా చదివింది. ఇంకో మూడేళ్లు ఉండమన్నారు. ఇంకో మూడేళ్లు అంటే మాకు అక్క ఇంట్లో ఉండదనీ అర్థమే. అది నాకూ తెలుసు, దానికీ తెలుసు. కాని అది నా భుజంమీద తలపెట్టి, దిగే చోటొచ్చేదాకా హాయిగా నిద్రపోయింది.