పులస ఫొటోలు

పెద్దకర్మకి ఫొటో కావాలి. గోదాట్లో పడవ తిరగబడి పోయిన మొగుడు అమ్మన్న మొహం ఒక్కదాంట్లోనైనా కనబడకపోతుందా అని నూకరత్నం ఫోనంతా వెతుకుతోంది.

గోదారికి వరద ఎర్రనీరు వచ్చి వలలో పులస పడితే చాలు, బేరగాళ్లకి వాట్సాప్‌లో పంపడానికి ఆమె చేతే ఫొటో తీయించేవాడు. చేప పెద్దదిగా కనబడాలని రెండు చేతులూ ముందుకు చాచి, సరిగ్గా మొహానికి అడ్డం పట్టేవాడు.

"కాస్త దించవయ్యా, నువ్వూ పడతావు," అనేది.

"నా మొహం కొనేవోడెవడే? చేప కళ తప్పకముందే తియ్యి. నా మొహం ఎక్కడికి పోద్ది!" అని నవ్వేవాడు.

"ఆధార్ కార్డులోది పెద్దది చేయిద్దామే అమ్మా," అంది కూతురు దుర్గాశ్రీ.

"అందులో మీ నాన్న ఎవరో దొంగోడిలా ఉన్నాడే."

నూకరత్నం చివరి ఫొటోని వేళ్లతో లాగి పెద్దది చేసింది. చేప మొప్ప పక్కన అమ్మన్న బొటనవేలు. వలతాడు కోసినచోట ఆ పొద్దున తను అద్దిన పసుపు ఇంకా ఉంది.

"ఇదే కట్టించవే."

"చేపకి దండేస్తామా అమ్మా?" అంది దుర్గాశ్రీ.

నూకరత్నం ఆ పసుపు మీద తన వేలు ఆనించింది. బొమ్మ పక్కకి జారిపోయింది. మళ్లీ వెనక్కి తెచ్చుకుని, ఈసారి ముట్టుకోకుండా చూస్తూ కూర్చుంది.