అత్తగారి ఊళ్లో దిగే బీపీ

ఏడాదికోసారి మా సెక్షన్‌లో మగాళ్లందరికీ ఒక్కసారిగా అత్తగారి ఊరి మీద ప్రేమ పుట్టుకొచ్చేది. కంపెనీ డాక్టరు దగ్గర వైద్య పరీక్షలకు తేదీ నోటీసు బోర్డు మీద పడగానే సెలవు చీటీలు బారులు తీరేవి. ఒకడు అనకాపల్లి, ఒకడు చోడవరం, నేను ఎలమంచిలి. అక్కడ వారం రోజులు చప్పిడి పథ్యం, మజ్జిగ, కంటినిండా నిద్ర. ఎనిమిదో రోజు పొద్దున్నే రైలు దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా డాక్టరు గదికి వెళ్లేవాణ్ణి. బీపీ కుర్రాళ్లకున్నట్టు ఉండేది. కార్డు మీద ‘ఫిట్’ అని ముద్ర పడేది. సాయంత్రం ఆటోనగర్ దాటాక ఉన్న టీ కొట్టు దగ్గర అందరం చేరి, డాక్టరు చెవిలో పువ్వు పెట్టామని ఒకరి వీపు ఒకరం తట్టుకునేవాళ్లం.

నేను పనిచేసేది బొగ్గు కాల్చి కరెంటు తీసే ప్లాంటులో. ఓడల్లో దిగిన బొగ్గు వ్యాగన్లలో మా యార్డుకు చేరుతుంది. అక్కణ్ణుంచి బెల్టుల మీద పైకెక్కి బాయిలర్లలో పడుతుంది. ఆ బెల్టుల పక్కనున్న ఇనప మెట్లు ఎక్కుతూ దిగుతూ ఇరవై ఆరేళ్లు గడిపాను. కార్డు మీద ‘అన్‌ఫిట్’ అని పడితే యార్డు నుంచి తీసేసి స్టోర్‌లో కుర్చీ వేస్తారు. ఉద్యోగం ఎక్కడికీ పోదు. పోయేది పరువే. స్టోర్‌కి పోయినవాణ్ణి చూసి ‘అయిపోయాడ్రా పాపం’ అని మేమే ఏడిపించేవాళ్లం. అందరికన్నా ఎక్కువ ఏడిపించింది నేనే. అందుకే అందరికన్నా ఎక్కువ భయపడిందీ నేనే.

రెండేళ్ల కిందట ఎండాకాలం చివర్లో, మెట్లెక్కుతుంటే ఛాతీ మధ్యలో ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టు అనిపించడం మొదలైంది. కాసేపు నిలబడితే పోయేది. పప్పు వల్ల వచ్చిన గ్యాసేలే అనుకుని పప్పు మానేశాను. తర్వాత వంకాయ మానేశాను. తర్వాత సెనగపిండి. మా ఆవిడ వంటలన్నీ ఒక్కొక్కటే నిర్దోషులని తేలాయి గానీ నొప్పి మాత్రం పోలేదు. ఆవిడకు ఒక్క ముక్క చెప్పలేదు. మేముండేది గాజువాకలో మూడో అంతస్తు. రెండో అంతస్తు మలుపులో ఆగి, ఆయాసం తగ్గేదాకా ఫోన్ చూస్తున్నట్టు నటించేవాణ్ణి. ఇలా రెండు వారాలు గడిచాక ఒకరోజు ఆవిడ పై మెట్టు మీద నిలబడి ఉంది.

“ఏటండీ, రోజూ ఆ మలుపుకాడే వత్తాదేటి మీకు ఫోను?”

“ఆఫీసు మెసేజీలు చదువుతున్నాను.”

“తలకిందులుగా పట్టుకుని సదువుతన్నారేటి?”

ఫోను జేబులో పెట్టుకుని పైకెక్కాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. అడగలేదంటే ఊరుకుందని కాదని ఇన్నేళ్ల కాపురంలో నాకు తెలిసుండాల్సింది.

ఆ ఏడు పరీక్ష తేదీ పడగానే ఇద్దరం ఎలమంచిలి వెళ్లాం. అక్కడ మా బావమరిదికి మందుల షాపు ఉంది. రోజూ పొద్దున్నే నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, బీపీ చూసి, గోడకున్న క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాసేవాడు. అయితే సరిగ్గా ఆ వారమే వాళ్ల చిన్నపాపకు చెవులు కుట్టే ఫంక్షన్ పడింది. ఇంక పథ్యం గోవిందా! ఒక పూట పులిహోర, ఆవకాయ, ఇంకో పూట చేపల వేపుడు. ఇల్లంతా చుట్టాలు, పేకాట, నిద్ర కూడా లేదు. ఈసారి నా కార్డు మీద ఏం పడుతుందో అని లోపల బెంగ. తీరా చూస్తే నాలుగో రోజుకే బీపీ దిగిపోయింది. అయిదో రోజు షామియానా గుంజలు భుజాన వేసుకుని డాబా ఎక్కాను. ఛాతీలో ఏ నొప్పీ లేదు.

బావమరిది క్యాలెండర్ ముందు నిలబడి తల గోక్కున్నాడు.

“ఇదేటి బావా? ఉప్పు మానలేదు, కారం మానలేదు, నిద్దర్లేదు. అయినా దిగిపోనాది. నీకు తిండి వల్ల కాదు బావా, ఆ ఊళ్లోనే ఏటో ఎక్కుతంది.”

“మీ ఊరి గాలి గొప్పదిరా” అని నవ్వేశాను. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. ఊరినుంచి బయల్దేరే ముందు ఆ క్యాలెండర్ కాగితం చింపి సంచిలో పెట్టుకుందట. నేను చూసుకోలేదు.

రైలు దిగాక, తనూ డాక్టరు గదికి వస్తానంది. రానిచ్చాను. డాక్టరు ఆ ఏడే కొత్తగా చేరిన అమ్మాయి, మా అమ్మాయి కన్నా నాలుగైదేళ్లు పెద్దది ఉంటుందేమో. నా బీపీ చూసి, బాగుందండీ అని ముద్ర అందుకోబోతుంటే, మా ఆవిడ ఆ కాగితం తీసి బల్ల మీద పరిచింది.

“ఆగండి డాక్టరమ్మా. ఈ బీపీ ఈయనది కాదు, మా పుట్టింటిది. ఏటా పరీక్ష ముందు వారం రోజులు అక్కడ దాసి తెత్తన్నాం. ఇంటికాడైతే రెండంతస్తులు ఎక్కలేకపోతన్నారు.”

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. లోపల మాత్రం కోపం నషాళానికి అంటింది. అది నా ఒక్కడి గుట్టా? సెక్షన్ మొత్తానిది! ఒక్క మాటలో బజారున పెట్టేసింది.

డాక్టరు తిట్టలేదు. కాగితం మీద అంకెలు మొదటినుంచి చివరిదాకా చూసింది.

“బొగ్గులో పనిచేసేవాళ్లకి ఇంత మంచి ఆరోగ్యం ఎలా ఉందా అని ఇక్కడ చేరినప్పట్నుంచీ నాకు ఆశ్చర్యంగా ఉండేది” అంది. “మీకు దగ్గుందా?”

“లేదు మేడం” అన్నాను, కాస్త గర్వంగానే. షిఫ్టు దిగగానే బెల్లం ముక్క నోట్లో వేసుకోవడం మా అందరికీ అలవాటు. బెల్లం బొగ్గును కడిగేస్తుందని మా నమ్మకం. దగ్గు లేదంటే జబ్బు లేనట్టే మాకు.

“బొగ్గులో, పొగలో ఉండే మరీ సన్నటి ధూళి ఊపిరితిత్తుల దగ్గరే ఆగిపోదండీ. రక్తంలోకీ దిగుతుంది. రక్తనాళాలు వాస్తాయి, బిగుసుకుంటాయి. బీపీ పెరుగుతుంది, గుండె మీద భారం పడుతుంది. దగ్గు రాకపోయినా ఇదంతా జరగొచ్చు. మీ నాళాలు ఎంతవరకు పాడయ్యాయో యాంజియోగ్రాం చేస్తేగానీ చెప్పలేను.”

గుండె జారిపోయింది. దాన్ని దాచడానికి మా ఆవిడతో మూడు రోజులు మాట్లాడటం మానేశాను. ఆవిడ మాత్రం వేళకు కంచం పెట్టింది, ద్వారకా నగర్‌లో ఆసుపత్రికి ఫైలు పట్టుకుని నా వెనకే వచ్చింది. బల్ల మీద పడుకోబెట్టి మణికట్టులోంచి సన్నటి గొట్టం పంపారు. పక్కనే తెర మీద నా గుండె కొట్టుకుంటోంది. నేను అటు చూడలేదు. స్టోర్‌లో కుర్చీయే కాదు, గుమ్మంలో స్టూలు వేసినా సరే కూర్చుంటానని అక్కడ పడుకుని ఒప్పుకున్నాను.

“స్టెంట్ అవసరం లేదు” అన్నాడు అక్కడి డాక్టరు. “ఒకచోట సన్నబడటం మొదలైంది. మందులతో ఆపుదాం. బొగ్గు ధూళిలో పని మాత్రం ఇక వద్దు.”

అమ్మయ్య! ఆ మాట వినగానే నాకు కన్నీళ్లు రాలేదు గానీ ఆకలేసింది. మా ఆవిడ కాంటీన్ నుంచి ఇడ్లీలు తెచ్చి పక్కన కూర్చుంది.

“ఇప్పుడైనా మాటాడతారేటి నాతో?”

“స్టోర్‌లో కూర్చోబెడతారే” అన్నాను, వేరే ఏమనాలో తెలియక.

“కుర్సీలో కూకుంటే నామోషీ గానీ, పాడె మీద తొంగుంటే నామోషీ లేదేటి?”

ఇడ్లీ నోట్లో పెట్టుకుని బుద్ధిగా నమిలాను.

మర్నాడు టీ కొట్టు దగ్గర సెక్షన్ వాళ్లకు జరిగింది జరిగినట్టు చెప్పాను. “మా అందరి కొంపా ముంచీసినావు బావా” అని నానా మాటలూ అన్నారు. నాలుగు రోజులు పోయాక, అన్నవాళ్లే ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి, పరీక్షకు ఎక్కడికెళ్లావని చెవిలో అడిగారు.

వారానికి రిపోర్టు ఇవ్వడానికి మళ్లీ ఇద్దరం కంపెనీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. డాక్టరు నన్ను స్టోర్‌కు మార్చమని రాసి సంతకం పెట్టి, తలెత్తి మా ఆవిణ్ణి చూసింది.

“ఈయన యూనిఫాం ఎవరు ఉతుకుతారమ్మా?”

“నానే. ముందు పిట్టగోడకాడ బాగా దులిపి, అప్పుడు నానబెడతాను. లేపోతే బాల్చీడు నీళ్లూ నల్లగైపోతాయి.”

“ఎన్నాళ్ల నుంచి?”

“పెళ్లయిన కాణ్ణుంచీ.”

“మీ బీపీ ఎప్పుడు చూపించుకున్నారు?”

“నాకేటి డాక్టరమ్మా? నాను ప్లాంటులోకి ఎల్తన్నానేటి?”

“ప్లాంటే ఆ బట్టల్లో మీ ఇంటికి వస్తోంది కదమ్మా” అంటూ డాక్టరు ఆవిడ చేతికి బీపీ పట్టీ చుట్టింది. ఒకసారి చూసింది. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోమని మళ్లీ చూసింది. యార్డులో ఉన్నప్పుడు నాకుండేదానికన్నా ఎక్కువే ఉంది. వెంటనే పక్క గదిలో ఈసీజీ తీయించింది. ఆ కాగితం మెషీన్లోంచి బయటికి వస్తున్నంతసేపూ నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. నా యాంజియోగ్రాం రోజు కూడా అంత భయపడలేదు. కంపెనీ నా గుండెను ఏటా పిలిచి మరీ చూసింది. ఆవిడ గుండెను చూసినవాళ్లు లేరు, నాతో సహా.

“గుండెకు ఇంకా ఏమీ కాలేదు” అంది డాక్టరు. “మాత్రలు మొదలుపెడదాం. మంచి సమయానికి దొరికారమ్మా.”

“సూసారా, ఏటీ లేదు” అంటూ మా ఆవిడ పైకి మడిచిన జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుంటోంది. నాకు అప్పుడొచ్చింది ఏడుపు. ఆ డాక్టరమ్మ ముందే, సిగ్గు లేకుండా, హాయిగా ఏడ్చేశాను.