అటుక మీది గడ్డి వేడెక్కిన రోజు

మా చిన్నప్పుడు... కోతలు కాగానే వరి పండే మూల్ దిక్కు నుంచి ట్రాక్టర్‌లో వరిగడ్డి వచ్చేది. ఊళ్లలో అయితే బయటే వాము వేస్తారు. మాది బొగ్గుగనుల ఘుగ్గుస్... బయట పెడితే నాలుగు రోజుల్లో బొగ్గుదుమ్ము పట్టి నల్లబడేది. బర్రె మూతి కూడా పెట్టేది కాదు. అందుకే రేకుల కొట్టంలో వెదురుబొంగులతో అటుక కట్టాడు నాయన.

నాయనది గనిలో పని. పొద్దుటి షిఫ్టు దిగి, ఇంత తిని, కింది నుంచి మోపులు అందించేవాడు. అమ్మ పైన పేర్చి, బూజు పట్టకుండా వరుస వరుసకూ గుప్పెడు ఉప్పు చల్లేది. నేను ఎక్కి తొక్కాలి... అదీ నా ఉద్యోగం! ఒళ్లంతా దురద, ముక్కు నిండా నుసి... ఇప్పుడు తలుచుకున్నా నడుం పట్టేస్తుంది.

ఒక ఏడు అంతా సర్దేశాం. మర్నాడు సాయంత్రం అమ్మ గడ్డిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసింది. రోజూ అట్లా చూడటం ఆమె అలవాటు. ముఖం మారిపోయింది. లోపల వేడి! బాగా ఎండిందని ట్రాక్టరాయన ఒట్టేసి మరీ దించిపోయిన గడ్డి... పచ్చిదే.

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన నాయన గోడకు చేరగిలబడ్డాడు. "రేపు తీద్దాం తియ్యే... పానం లేదు."

"రేపటిదాంక ఆగుతదా గది? బూజు పడితే ఎండకాలమంత బర్రె ఏం తినాలె? అమ్ముకుందామా దాన్ని?"

నాయన లేచి తలకు తువ్వాల చుట్టుకున్నాడు.

ముగ్గురం కలిసి అంతా కిందికి దించాం. తెల్లారి ఎండకు పరిచాం. ఎండేసరికి ఇంకేముంది... దుమ్ము! పిడికెడు పిడికెడు దులిపి మళ్లీ పైకెక్కించాం. మధ్యలో విసుక్కున్నాం, ఒకరినొకరు తిట్టుకున్నాం కూడా. ఎండాకాలం మాత్రం గడిచింది. బర్రె మా ఇంట్లోనే ఉంది.

ఇప్పుడు బర్రె లేదు, కొట్టమూ లేదు. పాల ప్యాకెట్ కత్తిరిస్తే పని అయిపోతుంది. అయినా సాయంత్రమయ్యేసరికి నేను, మా ఆయన, మా పిల్లోడు... ముగ్గురం మూడు గదుల్లో పడిపోతాం. ఎవరు దేనికి అలసిపోయారో ఇంకొకరికి తెలియదు. అడిగే ఓపికా ఉండదు.

అమ్మానాయనలతో ఆ గడ్డి దులిపిన రోజు... ఎందుకు అలసిపోయామో మా ముగ్గురికీ తెలుసు.

మీ ఇంట్లో అందరూ కలిసి అలసిపోయిన పని ఏది? ఓపిక ఉంటే చెప్పండి...