ఫ్యాన్లు ఆపే వాటాదారు

మొఘల్‌పురా నుంచి వచ్చే ఆ పెద్దాయన రిటైరైన బస్సు మెకానిక్. నేను లెక్కలు రాసే రియల్ ఎస్టేట్ కంపెనీలో ఆయనొక వాటాదారు. ఆఫీసుకొస్తే ముందు ఖాళీ కుర్చీల మీద తిరిగే ఫ్యాన్లు ఆపేవాడు. మా మేనేజరుకు ఒళ్లు మండేది.

"మన కరెంటే గద బిడ్డా" అనేవాడు.

పది రూపాయల ముఖవిలువ ఉన్న షేరు ఒక్కోటి కంపెనీకే వంద కట్టి కొన్నాడు. ఇప్పుడు అమ్ముదామంటే కొనే నాథుడు లేడు. వానాకాలం ముందే కురిసే ఇల్లు బాగు చేయించాలని, డబ్బు కోసం వచ్చాడు.

"పది మీరే ఉంచుకోండ్రి. మీద కట్టిన తొంభై అన్న ఇయ్యిండ్రి."

"గది అప్పు గాదు బాపూ. కంపెనీ మూలధనంల కలిసిపోయింది, వాపస్ రాదు."

"మరి నేను మాలిక్‌నే గద?"

"మాలికే బాపూ."

"మాలిక్‌కు బయటికి తొవ్వ లేదా?"

ఆయన లేచి గుమ్మం దాకా వెళ్లాడు. మళ్లీ వెనక్కొచ్చి, తాను కూర్చున్న కుర్చీ మీది ఫ్యాన్ ఆపి వెళ్లిపోయాడు.