బొట్టు పెట్టిన షాఫ్టు

ఆ రోజుల్లో నాకు రెండే విషయాలు గట్టిగా తెలుసు. ఒకటి, అనంతపురంలో వాన పడదు. రెండు, పూజ చేసిన బొట్టు తుడవకూడదు. మొదటిదాన్ని నమ్ముకొని రెండోదాన్ని పాటించాను, అందుకే ఉద్యోగం పోయేదాకా వచ్చింది.

అప్పుడే డిప్లొమా ముగించి, మా ఊరికి దగ్గర్లోని ఇంజనీరింగు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. ఏడాది చూసి పర్మనెంటు చేస్తామన్నారు. అమ్మానాయనలు కూలికి పోయేవాళ్ళు. మా వంశంలో నెల జీతం ఎరిగిన మొదటి మనిషిని నేనే కాబట్టి ఆ ఏడాదంతా ఒళ్ళు దగ్గర పెట్టుకొని పని చేశాను. నాకు అప్పగించిన వస్తువుల్లో రిమోటుతో నడిచే పడవ ఒకటి, మూరెడు పొడవు. (నీళ్ళు లేని ఊరికి పడవ ఎందుకని అడగకండి. నేనూ అడగలేదు, ఉద్యోగం కొత్త.) దాని ప్రాణమంతా షాఫ్టులో ఉంది. లోపలి మోటరు నుంచి ఇత్తడి గొట్టం గుండా వెనకున్న రెక్కల దాకా పోయే సన్నటి ఉక్కు కడ్డీ అది. వర్క్‌షాపు పెద్దాయన, అందరూ గ్రీజు తాత అనేవాళ్ళు, మొదటి రోజే చెప్పాడు: "నడిపినా నడపకపోయినా నెలకొకతూరి కడ్డీ బయటికి లాగల్ల పాపా. పాత గ్రీజు తుడవల్ల, కొత్తది పూయల్ల. లేకుంటే గొట్టంలోంచి నీళ్ళొస్తాయి, కడ్డీ తుప్పు పడతాది." కొన్నాళ్ళు అలాగే చేశాను.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. లేతు మిషను మొదలుకొని ప్రిన్సిపాల్ సారు కారు దాకా అన్నిటికీ పసుపు కుంకుమ. నా పడవకు తక్కువ చేస్తానా? కడ్డీ లాగి, కిరసనాయిలుతో కడిగి, ఈ చివర నుంచి ఆ చివర దాకా వరసగా బొట్లు పెట్టాను. ఇక గ్రీజు పూయాలి. చెయ్యి రాలేదు. అమ్మవారి కుంకుమ మీద ఆ నల్ల జిడ్డు ఎలా పూయడం? చివరికి, నా తెలివి అలా తెల్లారింది, ఇంటి నుంచి తెచ్చిన వేరుశనగ నూనె నాలుగు చుక్కలు వేసి, బొట్లతో సహా కడ్డీని గొట్టంలోకి దూర్చేశాను. మా ఇంట్లో దీపానికీ, తలకూ, వంకాయ కూరకూ, తలుపు బందులకూ అదే నూనె. షాఫ్టుకు మాత్రం పనికిరాదా? ఆ తర్వాత ఏ నెలా కడ్డీ లాగలేదు. లాగితే బొట్టు తుడవాలి. పడవను పైపైన గుడ్డతో తుడిచి, దండం పెట్టి బీరువాలో పెట్టేసేదాన్ని.

నా ఏడాది ముగియడానికి నెల ఉందనగా వానలు దంచికొట్టి శింగనమల చెరువు నిండింది. ప్రిన్సిపాల్ సారు అతిథులను పిలిచి, నాతో "పడవ నడిపిచ్చి చూపిచ్చల్ల. బాగా నడిస్తే నీ పర్మనెంటు కాగితం మీద సంతకం పెడతామ్మా" అన్నారు. కొత్త చున్నీ వేసుకొని పోయాను. గట్టు మీద అందరూ ఫోన్లు పైకెత్తారు. పడవను నీళ్ళలోకి తోసి రిమోటు నొక్కాను. మోటరు గుయ్యిమని మూలిగింది, రెక్కలు కదల్లేదు. మళ్ళీ నొక్కితే కాలిన వాసన వచ్చింది. గొర్రెలు తోలుకొచ్చినాయన ఎవరో, "ఏమప్పా, పడవ తపస్సు చేస్తాండాదా?" అన్నాడు.

గ్రీజు తాత మోకాలి లోతు నీళ్ళలోకి దిగి పడవ తెచ్చాడు. పట్టకారుతో కడ్డీని బలంగా లాగితే బెల్లం పాకంలో దొర్లించినట్టు ఎర్రగా, బంకగా బయటికొచ్చింది. తాత వాసన చూశాడు. "శెనిక్కాయ నూనె కదప్పా ఇది."

"ఎవురు చేసినారు?" అన్నారు సారు.

"నేనే సార్. పూజ చేసిన బొట్టు... తుడవబుద్ధి కాలే."

సారు నోరు తెరిచి, ఏమనుకున్నారో గానీ గట్టు మీది తన కారు వైపు చూశారు. పోయిన పూజకు పెట్టిన బొట్టు, వానలకు వెలిసినా, బానెట్టు మీద ఇంకా ఉంది. దగ్గి గొంతు సవరించుకున్నారు. "అర్ధగంట టైము. నడవకపోతే రేపట్నుంచి రావొద్దు."

కడ్డీని కళ్ళకద్దుకొని, "తప్పైంది తల్లీ" అని గొణిగి, కొత్త చున్నీతోనే తుడవడం మొదలుపెట్టాను. తాత తన బండిలోంచి కాస్త పెట్రోలు, గట్టు మీది ట్రాక్టరాయన దగ్గర చారెడు గ్రీజు తెచ్చిచ్చాడు. ఒక్క తిట్టు తిట్టలేదు. "గొట్టం లోపల గూడా తుడువు పాపా, ఆడ గూడా ఉండాది అమ్మవారు" అన్నాడంతే. చున్నీ అంచు చింపి, పేని, గొట్టంలో దూర్చి తుడిచాను. గ్రీజు దట్టంగా పూసి కడ్డీ ఎక్కించి స్క్రూలు బిగించాను. నీళ్ళలో పెట్టి నొక్కగానే పడవ దూసుకుపోయింది. అందరూ చప్పట్లు కొట్టారట. నేను ఏడుస్తూ ఉన్నాను, సరిగ్గా చూడలేదు. మరుసటి రోజు సంతకమైన కాగితం నా చేతికొచ్చింది.

ఇప్పుడు ఆ ల్యాబుకు నేనే పెద్ద. ఫోను భుజానికి చెవికి మధ్య ఇరికించుకొని, ఇంట్లో కూరేమిటో మాట్లాడుతూనే షాఫ్టు లాగి, తుడిచి, గ్రీజు పూసి పెట్టేస్తాను. అయిదు నిమిషాల పని. జానెడు కడ్డీకి క్షమాపణ చెప్పుకున్న ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. పని రాని పిల్ల. అయినా ఒక వస్తువును ఆ పిల్ల చూసుకున్నంత ప్రేమగా చూసుకోవడం, పని వచ్చాక, నాకు మళ్ళీ చేతకాలేదు.