రన్‌వే మీద మోట

దయ్యాలంటే నాకు చిన్నప్పుడు కూడా భయం లేదు. మా ఊరు జగిత్యాల పక్కన. చీకటి పడ్డాక ఒక్కణ్ణే చేను కాపలాకు పోయేవాణ్ణి. తర్వాత బేగంపేటలో విమానం నడపడం నేర్చుకున్నాను. ఆ పనిలో కంటికి కనిపించేదాన్ని, మీటరు చూపించేదాన్ని తప్ప ఇంకోదాన్ని నమ్మితే బతకలేం. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆదిలాబాద్‌లో జరిగింది చదివాక నన్ను మీరు దయ్యాలను నమ్మే బాపతు మనిషి అనుకోకూడదని.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో సంగతి. జిల్లాలో కలరా వచ్చింది. మందులు, డాక్టర్లను తీసుకుని మా డకోటా విమానం ఆదిలాబాద్ పోయింది. అక్కడి మైదానం నిజాం కాలం నాటిది. మొరం పరిచిన నేల, చుట్టూ పత్తి చేలు. ఆ రాత్రంతా వాన కురిసింది. తెల్లారి, పని ముగిసిన డాక్టర్లను, ఇద్దరు నర్సులను, ఒక పెద్ద ఆఫీసరును ఎక్కించుకుని హైదరాబాద్ బయలుదేరాలి.

కెప్టెన్ ఇనాయత్ సాబ్. నేను ఆయన పక్కన కో-పైలట్‌ని. ఆయన తొందరపడగా నేనెన్నడూ చూడలేదు. చక్రం నేల విడిచేదాకానే అసలు భయం అనేవాడు. ఆ ఉదయం వాన నీళ్ళు చూసి, మైదానం మొదట్లో కొంతదూరం స్వయంగా నడిచి, మడమతో నేల తొక్కి చూసి వచ్చాడు. గట్టిగానే ఉంది. కానీ మహారాష్ట్ర వైపు మళ్ళీ మబ్బు కమ్ముతోంది. అది ఇక్కడికి చేరకముందే లేవాలని ఆఫీసరు గారు పట్టుబట్టారు.

ఇంజన్లు వేడెక్కాయి. రన్‌వే చివర విమానాన్ని తిప్పి నిలబెట్టాం. నేను మీటర్లు చూస్తున్నాను. కెప్టెన్ చెయ్యి ఆగింది. దూరంగా, రన్‌వే అవతలి కొసన ఎడమవైపు ఎద్దులున్నాయన్నాడు. అందులో వింతేమీ లేదు. అలాంటి మైదానాల్లో బయలుదేరే ముందు గొడ్లను తోలించడం మామూలే. మైదానం చౌకీదారును సైకిలు మీద పంపాం.

అతను పోయి, చుట్టూ తిరిగి వచ్చాడు. కెప్టెన్ పక్క కిటికీ తీస్తే, కింద నిలబడి గట్టిగా అరిచి చెప్పాడు.

"ఎవల్లేరు సాబ్. గొడ్డు లేదు, మనిషి లేడు."

మళ్ళీ సిద్ధమయ్యాం. ఇంజన్ల మోత పెరిగింది. కెప్టెన్ మళ్ళీ తగ్గించాడు. ఈసారి ఆయన గొంతు మారింది.

"అవే ఎద్దులు. జర చూడు భాయ్, ఎనకకు నడుస్తున్నయేంది?"

నేను తలెత్తి చూశాను. ఒకటి తెల్లది. ఒకటి ఎర్రది, దాని ఎడమ కొమ్ము కిందికి వంగి ఉంది. కొంతదూరం ముందుకు నడిచాయి. వాటి వెనక మోకు తాడు మీద ఒక పడుచు మనిషి కూర్చుని ఉన్నాడు. అతని వీపే కనిపించింది. తర్వాత అతను లేచి నిలబడ్డాడు, ఎద్దులు వెనక్కి అడుగులేశాయి. మళ్ళీ ముందుకు.

ఇనాయత్ సాబ్ పట్నంలో పుట్టి పెరిగినవాడు. అదేమిటో ఆయనకు తెలియదు. నాకు తెలుసు. మా బాపు రోజూ చేసిన పనే అది. ఎద్దులు ముందుకు పోతే బావిలోంచి నీళ్ళ బొక్కెన పైకొస్తుంది, వెనక్కి వస్తే దిగుతుంది.

"సాబ్, మోట కొడుతుండు. గాడ బావి ఉండాలె," అన్నాను.

రన్‌వే మీద బావి ఏమిటని ఆయన అడగలేదు. ఇంజన్లు రెండూ ఆపేశాడు. వెనక నుంచి ఆఫీసరు గారు వచ్చి, మళ్ళీ ఎందుకు ఆపారని కోపగించారు. మీరు దిగండి, నేను నేల చూసి వస్తానని కెప్టెన్ నెమ్మదిగా చెప్పి ముందు తానే దిగాడు.

మేమిద్దరం, గడ్డపార పట్టుకుని చౌకీదారు నడిచి వెళ్ళాం. దగ్గరికి పోయేసరికి అక్కడ ఎవరూ లేరు. తడి మొరం మీద గిట్టల గుర్తు ఒక్కటి లేదు. సైకిలు చక్రం గీత మాత్రం ఉంది. ఒకచోట నేల కొంచెం కుంగి, నీళ్ళు నిలిచాయి. చౌకీదారు గడ్డపారతో పొడిస్తే అది చేతిలోంచి జారి నేలలోకి మాయమైంది. వెనక్కి పరుగెత్తాం. మా కళ్ళ ముందే నేల విరిగి లోపలికి పడింది. కింద పాత బావి రాతి కట్టు కనిపించింది. నిండా మనుషులతో ఉన్న డకోటా చక్రాలు సరిగ్గా అక్కడే పరుగెత్తేవి. ఆఫీసరు గారు వచ్చి అంచున నిలబడి చూశారు.

మట్టి నింపేదాకా మాకు అక్కడే మకాం. సాయంత్రం పక్క పల్లెకు పోయి, ఆ బావి ఎవరిదని అడిగాను. చచ్చిపోయిన మనిషి పేరు చెబుతారనుకున్నాను. లింగన్న ఇల్లు చూపించారు.

ముసలాయన వాకిట్లో కూర్చుని తాడు పేనుతున్నాడు. మోకాళ్ళు పట్టేసి ఏడాదిగా గడప దాటలేదట. తెల్లెద్దుతో, ఎర్రెద్దుతో ఒకతను అక్కడ మోట కొట్టడం చూశామని చెప్పాను. ఆయన చేతిలో తాడు ఆగింది.

"ఎర్రదానికి కొమ్ము ఒంగి ఉన్నదా?"

"ఉన్నది తాతా. ఎడమ కొమ్ము."

"మైదానం కోసమని సర్కారోళ్ళు బావి పూడ్సిన్రు. ఎడ్లను మరాఠోళ్ళ అంగట్ల అమ్మిన. మల్ల సూడలే."

పొద్దున్నే ఏమైనా కల వచ్చిందా అని అడిగాను. రాలేదన్నాడు. విమానం సంగతే తనకు తెలియదన్నాడు.

ఒక్కడికే కనిపిస్తే కళ్ళ భ్రమ అనుకునేవాణ్ణి. ఇద్దరం చూశాం. అందులో ఒకరికి అదేమిటో కూడా తెలియదు. ఆ మనిషి చనిపోయి ఉంటే దయ్యమని సరిపెట్టుకునేవాణ్ణేమో. బతికి ఉన్న మనిషి, తన పడుచుతనంతో, అమ్మేసిన ఎద్దులతో, పూడ్చేసిన బావి మీద మోట కొట్టడాన్ని ఏమనాలి?

నేను లేవబోతుంటే లింగన్న ఒకటే అడిగాడు.

"ఎడ్లు బక్కగైనయా సారూ?"

లేదు, మంచిగున్నయని చెప్పాను. ఆ మాట మాత్రం నేను కళ్ళారా చూసి చెప్పిందే. మిగతాదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.