దూలానికి వేలాడిన ఖర్జూరం

భువనగిరిలో హుస్సేన్ బీ అమ్మే ఖర్జూరాన్ని కళ్ళు మూసుకుని నోట్లో వేసుకోవచ్చని పేరు. రంజాను ఉపవాసం, రోజా, విడిచే సాయంత్రపు మసక వెలుతురులో ఎవరూ పండు విప్పి చూసుకోరు. అందుకే ప్రతి పండునూ ఆమే ముందుగా బొటనవేలితో చీల్చి, గింజ తీసి, పురుగు లేదని చూసి, మళ్ళీ మూసి గంపలో పేర్చేది. భర్త పోయాక మసీదు మెట్ల పక్కన ఆ పేరే ఆమెకు ఆస్తి.

పందొమ్మిది వందల యాభై తొమ్మిది రంజానులో ఆ ఆస్తికే ముప్పు వచ్చింది. కల్తీ సరుకుల చట్టం కింద తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఆమె గంపలోంచి ఒక పండు తీశాడు. దాని మీద తెల్లని పొర ఉంది.

"ఏమిటిది?"

"చక్కెర పూసింది సాబ్. పాతవడ్డ పండు గట్లనే పూస్తది."

"చక్కెరకు ఈ వాసన ఉండదమ్మా. ఇది దోమల మందు."

హుస్సేన్ బీ వాసన చూసింది. సంగతి అప్పుడు తట్టింది. సర్కారు మలేరియా వాళ్ళు ఇంట్లో దోమల మందు కొట్టడానికి వచ్చినప్పుడు, నేల మీది సామానంతా బయట పెట్టమన్నారు. కుండలూ చాటలూ మంచమూ అన్నీ పెట్టింది. ఖర్జూరం సంచులు మాత్రం ఎలుకల భయానికి ఎప్పటిలాగే దూలానికి వేలాడుతున్నాయి. వాటి మాట వాళ్ళూ ఎత్తలేదు, ఆమెకూ తోచలేదు.

ఇన్‌స్పెక్టరు మూడు సీసాల్లో నమూనా నింపి లక్క ముద్ర వేశాడు. గంపను, ఇంట్లోంచి తెప్పించిన సంచులను స్వాధీనం చేసుకుని, కాగితం ముందుంచాడు.

"కల్తీ సరుకు అమ్ముతుండగా పట్టుకున్నట్టు రాశాను. వేలిముద్ర వేయండి."

"సరుకు తీస్కపోండ్రి సాబ్. పాతివెడ్తనంటే గడ్డపార నేనే ఇస్త. కల్తీ అన్న మాటకు మాత్రం నా వేలు లేవది."

"మందు పడిందా, లేదా?"

"పడ్డది. ఎవరు కొట్టిండ్రో గది గూడ రాయుండ్రి."

పక్కన గాజులమ్మే సైదమ్మ అందుకుంది: "కొట్టింది సర్కారు, పట్టుకునేది సర్కారు. నడుమ గీ ముసల్దానికి జైలా సారూ?"

మెట్ల మీది జనం నవ్వారు. ఇన్‌స్పెక్టరు చెవులు ఎర్రబడ్డాయి. "అది రాసే చోటు ఇందులో లేదు."

"అడుగున గంత జాగా ఖాళీగ ఉన్నది గద!" అంటూ హుస్సేన్ బీ లేచి కొంగు బిగించింది. "పొద్దుగాల అమ్మిన పండ్లు ఇండ్లల్ల ఉన్నయి. పొద్దు గుంకితే నోట్ల వెట్టుకుంటరు. గవి తెచ్చినంక మాట్లాడుదాం."

గడప గడపకూ తిరిగి, దోమల మందు పడ్డదని తన నోటితోనే చెప్పి, పండ్లు వాపసు అడిగింది. పండ్లు కొన్న అన్వరీ బేగం ఆమె చేయి పట్టుకుని, "గిట్ల నువ్వే చెప్పుకుంటే ఇగ నీ తాన ఎవరు కొంటరు?" అంది.

"చెప్పకుంటే కొనెటోళ్ళు బతికుంటరా బేగం?"

అజాన్‌కు ముందే తిరిగొచ్చి కొంగులోని పండ్లు గంపలో కుమ్మరించింది. ఇన్‌స్పెక్టరు కాగితం అడుగున ఏదో రాసి చదివి వినిపించాడు: "ప్రభుత్వ సిబ్బంది కొట్టిన మందు పడినది. అమ్మిన సరుకును ఈమే తిరిగి తెచ్చి అప్పగించినది."

"మరి పైన కల్తీ అన్న మాట?"

"అది చట్టం మాట. నేను కొట్టేయలేను."

"అయితే నా వేలు గూడ లేవది."

వేలిముద్ర లేకుండానే కాగితం వెళ్ళింది. కోర్టు నుంచి పిలుపు వస్తే అక్కడా కల్తీ మాట ఒప్పుకోలేదు, హెచ్చరించి పంపించారు. మరుసటి రంజానుకు మళ్ళీ మెట్ల పక్కన గంప దించింది.

మందు కొట్టేవాళ్ళు తిరిగి వచ్చిన నాడు మాత్రం గడపకు అడ్డంగా నిలబడింది.

"నేల మీదియి, దూలం మీదియి, రెండూ బయట వెట్టుమని ముందుగాల నువ్వు చెప్పు. చెప్పినంకనే లోపటికి రా."

వాళ్ళు ఆ మాట అన్న తర్వాతే తప్పుకుంది.